గుండె ముందు, ఎముక వెనుక: గాయం తర్వాత పరుగుకు తిరిగి రావడం

ఆగస్టు నెలాఖరులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పేరు నమోదు చేసుకున్న ఔత్సాహిక రన్నర్ క్యాలెండర్ ఇంచుమించు ఇలా నడుస్తుంది. మార్చిలోనో ఏప్రిల్‌లోనో సాధన మొదలు. మే ఎండలకు భయపడి తెల్లవారుజామున నాలుగున్నరకే నెక్లెస్ రోడ్డు మీదికో కేబీఆర్ పార్కు చుట్టూనో చేరడం. జూన్ వచ్చేసరికి ఆదివారం పరుగు పాతిక కిలోమీటర్లు దాటడం. ముంగాలి ఎముక (మోకాలి కింద ముందువైపు ఉండేది) లోపలి అంచున సన్నటి నొప్పి మొదలవడానికి అనువైన కాలం సరిగ్గా అదే. రెండు వారాలు విశ్రాంతి, ఆ రెండు వారాలూ జిమ్‌లో సైకిలు, నొప్పి పోగానే మళ్లీ రోడ్డు మీదికి. మొదటి మూడు వారాలు అంతా సవ్యంగానే ఉంటుంది. నాలుగో వారంలో అదే కాలు, అదే చోట నొప్పి. ఈసారి కుంటుకుంటూ ఇల్లు చేరాల్సి వస్తుంది.

ఈ రెండో దెబ్బకు తొందరపాటును తిట్టి ఊరుకోవడం తేలిక. చిక్కేమిటంటే, విశ్రాంతి కాలంలో క్రాస్ ట్రైనింగ్, అంటే పరుగుకు బదులు వేరే వ్యాయామాలు, శ్రద్ధగా చేసినవారికీ ఇది తగులుతుంది. ఒక్కోసారి శ్రద్ధగా చేసినందువల్లే తగులుతుంది. సైకిలు, ఈత, ఎలిప్టికల్ యంత్రం గుండెనూ ఊపిరితిత్తులనూ నిలబెడతాయి. ఎముకకూ, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కూ వాటివల్ల ఒరిగేది స్వల్పం. తిరిగొచ్చిన రన్నర్‌కు ఆయాసం రాదు కాబట్టి పాత వేగం ఇట్టే అందుతుంది. ఆ వేగాన్ని మోయాల్సిన ఎముక మాత్రం ఇంకా మరమ్మతులో ఉంటుంది. గాయాల గురించి మనకు దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ‘విశ్రాంతి తీసుకోండి, ఓపిక పట్టండి’ అన్న దగ్గరే ఆగిపోతాయి. శరీరంలో ఏ భాగానికి ఎంత ఓపిక కావాలో చెప్పవు.

ఏది త్వరగా పోతుంది, ఏది ఆలస్యంగా వస్తుంది

పరుగు ఆపగానే కష్టపడి కూడబెట్టుకున్నదంతా కరిగిపోతుందన్న భయం ప్రతి రన్నర్‌కూ ఉంటుంది. 1984లో అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్ బృందం ఈ విషయాన్ని నేరుగా కొలిచింది. బాగా సాధన ఉన్న క్రీడాకారుల చేత సాధన పూర్తిగా మాన్పించి 84 రోజులు పరిశీలించారు. శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే అంకె, ఇప్పుడు చేతి వాచీల్లో వీఓటూ మ్యాక్స్ పేరుతో కనిపించేది, మొదటి మూడు వారాల్లో 7 శాతం తగ్గింది. 56 రోజులకు 16 శాతం దాకా పడిపోయి అక్కడ నిలిచింది. కండరాల్లో సాధన వల్ల పెరిగిన సన్నటి రక్తనాళాలు ఆ 84 రోజులూ తరగలేదు. తొలి వారాల్లో తగ్గేది ప్రధానంగా రక్తంలోని ద్రవం, దానివల్ల గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం. సాధన మొదలైతే ఇవి త్వరగానే వెనక్కి వస్తాయి. అంటే ఏ వ్యాయామమూ చేయకుండా మూడు వారాలు కూర్చున్నా పోయేది పద్నాలుగో వంతు. క్రాస్ ట్రైనింగ్ చేస్తే అది కూడా చాలావరకు పోదు.

ఎముక లెక్క వేరు. కొత్త భారం పడినప్పుడు ఎముక ముందుగా దెబ్బతిన్న భాగాన్ని కరిగించుకుంటుంది. దీనికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ ఖాళీలో కొత్త ఎముక నిండి గట్టిపడటానికి మరో మూడు నెలల దాకా పడుతుంది. పగుళ్లిచ్చిన గోడకు పాత పెచ్చు ఊడగొట్టి, కొత్త సిమెంటు పూసేలోపు గోడ ఎలా ఉంటుందో ఎముకా ఆ మధ్యకాలంలో అలా ఉంటుంది, మునుపటికన్నా బలహీనంగా. పరుగు కొత్తగా మొదలుపెట్టినవారికీ, విరామం తర్వాత మళ్లీ మొదలుపెట్టినవారికీ నాలుగో వారం ఎందుకు గండమో ఇందులోనే తెలుస్తుంది. టెండన్‌ది ఇంకా నెమ్మది వ్యవహారం. దానికి రక్తప్రసరణ తక్కువ, అందులో మార్పు రావాలంటే వారాలు చాలవు, నెలలు కావాలి.

భారం ఎంతో ఒకసారి లెక్క వేసి చూడవచ్చు. కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల వేగంతో 10 కిలోమీటర్లు పరుగెత్తడానికి 65 నిమిషాలు పడుతుంది. నిమిషానికి 165 అడుగుల చొప్పున మొత్తం పదివేల ఏడు వందల పైచిలుకు అడుగులు, ఒక్కో కాలికి అయిదు వేలకు పైగా. ప్రతి అడుగుకూ నేల నుంచి శరీర బరువుకు రెండు రెండున్నర రెట్ల బలం తిరిగి తగులుతుంది. 70 కిలోల మనిషికి అది 140 కిలోలకు తక్కువ కాదు. మడమ వెనుక ఉండే అకిలిస్ టెండన్ మీద పడే లాగుడు అంతకన్నా చాలా ఎక్కువ, శరీర బరువుకు ఆరేడు రెట్లు. సైకిలు మీద గంటసేపు చెమటలు కక్కినా ఈ అయిదు వేల దెబ్బల్లో ఒక్కటీ పడదు. గాయమైన రోజుల్లో సైకిలు మంచిది కావడానికి కారణం అదే. పరుగుకు కావలసిన ఎముకను అది తయారు చేయలేకపోవడానికీ అదే కారణం.

ఇంత బలం పడుతుందంటే ‘మోకాళ్లలో గుజ్జు అరిగిపోతుంది’ అని ఇంట్లో పెద్దలు అనేది నిజమేనా అన్న ప్రశ్న వస్తుంది. 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చేసిన విశ్లేషణలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాగా పరుగెత్తేవారిలో 3.5 శాతం మందికి, పరుగెత్తనివారిలో 10.2 శాతం మందికి, పోటీ స్థాయి రన్నర్లలో 13.3 శాతం మందికి కనిపించింది. మోకాళ్లు నొప్పి ఉన్నవారు ముందే పరుగు మానేసి ఉండవచ్చు కాబట్టి పరుగే మోకాళ్లను కాపాడిందని ఈ అంకెలతో తేల్చలేం. వారానికి మూడు నాలుగు రోజులు పరుగెత్తే మనిషికి గుజ్జు అరుగుతుందని భయపెట్టడానికి మాత్రం ఇవి ఏ ఆధారమూ ఇవ్వవు. రన్నర్లకు మోకాలి చుట్టూ వచ్చే నొప్పుల్లో అత్యధికం చిప్ప చుట్టూ, లేదా తొడ బయటివైపు నుంచి మోకాలి దాకా దిగే పట్టీ దగ్గర పుట్టేవే. అవి భారం సర్దుకుంటే తగ్గుతాయి.

నీళ్లలో పరుగు

క్రాస్ ట్రైనింగ్ పద్ధతుల్లో పరుగుకు అతి దగ్గరగా ఉండేది, మన దగ్గర అతి తక్కువగా వాడేది, లోతు నీళ్లలో పరుగు. నడుముకు తేలే బెల్టు కట్టుకుని, అడుగు నేలకు తగలనంత లోతులో నిలబడి, రోడ్డు మీద పరుగెత్తినట్టే కాళ్లూ చేతులూ ఆడించాలి. చూడటానికి తేలిక. చేసేటప్పుడు మాత్రం అందరూ మొదట ఒకే పొరపాటు చేస్తారు. సైకిలు తొక్కుతున్నట్టు మోకాళ్లు ముందుకు లేపుతూ కూర్చున్న భంగిమలోకి జారిపోతారు, అరచేతులతో నీళ్లు తోడుకుంటూ తేలతారు. అలా చేస్తే అది పరుగూ కాదు, ఈతా కాదు. వెన్ను నిటారుగా, ఛాతీ కొద్దిగా ముందుకు, పిడికిళ్లు వదులుగా మూసి, పాదం శరీరం కింద నుంచి వెనక్కి తోసేలా ఉండాలి. ముందుకు కదలడం చాలా నెమ్మదిగా ఉంటుంది. పక్క వరుసలో ఈదే పిల్లలు దాటిపోతుంటే పట్టించుకోకూడదు.

నీటిలో అదే శ్రమకు గుండె వేగం నేల మీదకన్నా నిమిషానికి పది పదిహేను స్పందనలు తక్కువ చూపిస్తుంది. వాచీని చూసి ‘ఈ రోజు సరిగా చేయలేదు’ అనుకోవడం తప్పు. ఊపిరి ఎంత బరువుగా ఉందన్నదే కొలత. నింపాదిగా నలభై నిమిషాలు చేస్తే విసుగుతో పిచ్చెక్కుతుంది కాబట్టి, ఒక నిమిషం గట్టిగా, అర నిమిషం తేలికగా, ఇలా దఫాలుగా విడగొట్టడం మంచిది. 1997లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో 11 మంది రన్నర్లు నాలుగు వారాలు రోడ్డు మీద అడుగు పెట్టకుండా నీళ్లలో మాత్రమే సాధన చేశారు. తర్వాత 5 కిలోమీటర్ల పరుగు సమయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అంతకన్నా ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ జోన్ బెనాయిట్‌ది. 1984 ఏప్రిల్‌లో ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. అమెరికా ఒలింపిక్ ఎంపిక మారథాన్‌కు అప్పటికి మిగిలింది 17 రోజులు. వ్యాయామ సైకిలు పెడళ్లను చేతులతో తిప్పుతూ, కొలనులో సాధన చేస్తూ గడిపి, మే 12న ఆ మారథాన్ గెలిచింది. ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లో మహిళలకు తొలిసారి పెట్టిన ఒలింపిక్ మారథాన్‌ను 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. ఈ కథను స్ఫూర్తి కోసం వాడేవారు ఒక సంగతి వదిలేస్తారు. ఆమె ఎముకలకు, టెండన్లకు ఏళ్ల తరబడి పడిన భారం వెనుక ఉంది. 17 రోజుల్లో అది ఎక్కడికీ పోదు. రెండేళ్ల కిందట పరుగు మొదలుపెట్టిన నలభై ఏళ్ల ఉద్యోగికి ఆ నిల్వ ఉండదు.

మన నగరాల్లో ఈ పద్ధతికి అడ్డంకులు ఉన్నాయి. చాలా కొలనుల్లో లోతైన భాగం చిన్నది. వేసవిలో పిల్లల శిక్షణ తరగతులతో కిక్కిరిసి ఉంటుంది. ఆడవారికి కేటాయించిన వేళలు తక్కువ. లోతు దొరకకపోతే ఛాతీ లోతు నీటిలో నడవడం, మెల్లగా పరుగెత్తడం పనికొస్తాయి. నడుము లోతులో కాళ్ల మీద పడే బరువు దాదాపు సగానికి, ఛాతీ లోతులో మూడోవంతుకు తగ్గుతుంది. ఎముక గాయం తర్వాత నేల మీద పరుగుకు ముందు మెట్టుగా దీన్ని వాడవచ్చు.

సైకిలు, యంత్రం, నడక

సైకిలు అందరికీ అందుబాటులో ఉంది. హైదరాబాద్ బాహ్యవలయ రహదారి పక్కన 2023లో సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం తెరిచాక వానలోనూ ఎండలోనూ తొక్కే వీలు కలిగింది. విశాఖ బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున వాహనాలు ఆపేసే వేళల్లో నడిచేవారూ పరుగెత్తేవారూ పంచుకునే చోటు ఎటూ ఉంది. సైకిలు తొడ ముందు కండరాలకు బాగా పని చెబుతుంది, పిక్కకు తక్కువ. పిక్క కండరమే పరుగులో అత్యధిక భారం మోసేది కాబట్టి ఇది చిన్న లోటు కాదు. ఏళ్ల తరబడి సైకిలే తొక్కే పోటీదారుల్లో వెన్నెముక సాంద్రత తక్కువగా ఉంటుందని పరిశోధనలు పదే పదే చూపించాయి. ఇక సీటు ఎత్తు. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉన్నవాళ్లు సీటు దించుకుని తొక్కి నొప్పి పెంచుకుంటారు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా, పాతిక ముప్ఫై డిగ్రీలు, మాత్రమే వంగి ఉండాలి. బరువైన గేరు వేసుకుని నెమ్మదిగా తొక్కేకన్నా తేలిక గేరులో నిమిషానికి ఎనభై అయిదు, తొంభై చుట్లు తిప్పడం చిప్పకు మేలు.

ఎలిప్టికల్ యంత్రం పరుగు కదలికకు దగ్గర. పాదం పలకను వదలదు కాబట్టి దెబ్బ పడదు, బరువు మాత్రం కాళ్ల మీదే ఉంటుంది. అమెరికాలో విశ్వవిద్యాలయ స్థాయిలో 2023 క్రాస్ కంట్రీ జాతీయ విజేత పార్కర్ వాల్బీ వారంలో రెండు మూడు రోజులే పరుగెత్తి మిగతా సాధన ఈ తరహా యంత్రం మీద, కొలనులో చేసిందన్న సంగతి అప్పట్లో పెద్ద చర్చకు దారితీసింది. సౌత్ కరోలినాలోని ఫర్మన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చాలాకాలంగా ఔత్సాహికులకు చెబుతున్నదీ అలాంటిదే: వారానికి మూడు పరుగులు, ఒక్కోదానికి ఒక్కో ఉద్దేశం, రెండు రోజులు క్రాస్ ట్రైనింగ్. పదే పదే గాయపడేవారికి ఇది శాశ్వత ఏర్పాటుగానూ బాగుంటుంది. వారానికి అయిదారు రోజులు పరుగెత్తితేనే రన్నర్ అన్న పట్టింపు వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువ, శరీరశాస్త్రంలో తక్కువ.

ఏ గాయానికి ఏది అన్నప్పుడు ఒకటే సూత్రం: ఆ పని చేసేటప్పుడు, మర్నాడు పొద్దున కూడా, గాయమైన చోట నొప్పి పెరగకూడదు. అరికాలి మడమ నొప్పికి సైకిలు, నీళ్లు రెండూ సరిపోతాయి. అకిలిస్ నొప్పి ఉన్నవారు సైకిలు మీద పాదం ముందుభాగంతో కాక మధ్యభాగంతో పెడల్ తొక్కితే లాగుడు తగ్గుతుంది. తొడ ఎముక మెడ భాగంలో (తుంటి కీలు దగ్గర) చిట్లు, అంటే సన్నటి పగులు, ఉంటే డాక్టరు అనుమతి లేకుండా ఏ యంత్రమూ ఎక్కకూడదు.

నడకను క్రాస్ ట్రైనింగ్‌గా ఎవరూ లెక్కపెట్టరు, వాచీలో గొప్పగా కనిపించదు కాబట్టి కావచ్చు. నడక మాత్రమే ఎముకకు కొద్దికొద్దిగా అసలైన భారం వేస్తుంది. కోలుకునే కాలంలో సైకిలు మీద గంట గడిపినవారు నడకకు అరగంట ఇవ్వకపోతే తిరిగొచ్చే రోజున ఎముకకు ఆ గంట ఏమాత్రం పనికిరాదు.

ఏ నొప్పిని భరించాలి, ఏ నొప్పికి ఆగాలి

నొప్పి ఉంటే పరుగు పూర్తిగా మానాలన్న నియమం అన్ని గాయాలకూ వర్తించదు. స్వీడన్‌లో కారిన్ సిల్బర్నాగెల్ బృందం 2007లో అకిలిస్ టెండన్ రోగులను రెండు జట్లు చేసింది. అందరూ ఒకే వ్యాయామాలు చేశారు. ఒక జట్టు మొదటి ఆరు వారాలు పరుగు, గెంతులు మానింది. రెండో జట్టు నొప్పిని సున్నా నుంచి పది వరకు కొలుచుకుంటూ, అయిదు దాటకుండా, మర్నాటికి తగ్గేలా చూసుకుంటూ పరుగు కొనసాగించింది. రెండు జట్లూ ఒకేలా కోలుకున్నాయి. టెండన్‌కు పూర్తి విశ్రాంతి మందు కాదు. అది మరింత బలహీనపడుతుంది.

ఎముక విషయంలో ఈ వెసులుబాటు లేదు. ఒక వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి, ఒంటికాలి మీద గెంతితే సరిగ్గా అక్కడే పోటు, పరుగు సాగేకొద్దీ తగ్గకుండా పెరగడం, రాత్రి పడుకున్నాక కూడా సలపడం ఎముక చిట్లుకు గుర్తులు. ముంగాలి లోపలి అంచున నాలుగైదు అంగుళాల మేర వ్యాపించి, కాస్త వేడెక్కాక తగ్గే నొప్పి దానికన్నా తక్కువ ప్రమాదం. ఇక్కడ చాలామంది బోల్తా పడేది ఎక్స్‌రే దగ్గర. ఎముక చిట్లు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో తరచూ కనిపించదు. ‘ఎక్స్‌రే బాగుంది, ఏమీ లేదన్నారు’ అని పరుగు మొదలుపెట్టేవారు ఆ తర్వాత పూర్తిగా విరిగిన ఎముకతో తిరిగొస్తారు. అనుమానం బలంగా ఉంటే ఎంఆర్ఐ తీయించుకోవాలి. గజ్జలో లోతుగా నొప్పి, ముంగాలి ముందు అంచున ఒకే బిందువులో నొప్పి, పాదం పైభాగం మధ్యలో నొప్పి ఉంటే వాయిదా వేయకూడదు. ఆ చోట్ల ఎముక అతకడం కష్టం.

రాయలసీమలో ఎముక గాయం అనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. రన్నర్ల ఎముక చిట్లులో చోటు తప్పిన ముక్క ఉండదు, సరిచేసి కట్టాల్సిందేమీ ఉండదు. కట్టు ఇచ్చే ప్రయోజనమల్లా మనిషిని పరుగెత్తనివ్వకపోవడమే. చిట్లిన చోట మర్దన మాత్రం ఎవరి చేతా చేయించుకోకూడదు.

మందుల దుకాణంలో అడగ్గానే దొరికే నొప్పి మాత్రల గురించీ ఒక మాట. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వేసుకుని పొడవైన పరుగుకు వెళ్లడం మన దగ్గర మామూలైపోయింది. నొప్పి ఇచ్చే హెచ్చరిక పోతుంది, చెమటతో నీరు తగ్గిన శరీరంలో మూత్రపిండాల మీద ఒత్తిడి పెరుగుతుంది. మే నెల హైదరాబాద్‌లో, ఉక్కపోత విజయవాడలో ఈ కలయిక మరీ చెడ్డది. ఐసు సంగతి కూడా మారింది. విశ్రాంతి, ఐసు, ఒత్తుడు, ఎత్తు అన్న నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్, ఐసు మానుదలను ఆలస్యం చేయవచ్చని తర్వాత తనే రాశాడు. తాత్కాలికంగా నొప్పి తగ్గడానికి వాడితే వాడవచ్చు, చికిత్స అనుకోకూడదు.

మెట్టు అంచున మడమ

పరుగు ఆపిన వారాల్లో ఎముకకూ టెండన్‌కూ నేరుగా పనికొచ్చేది బరువుల వ్యాయామం. సాగదీసే వ్యాయామాలు గాయాలను ఆపవు. 2014లో 25 ప్రయోగాల ఫలితాలు కలిపి చూసినప్పుడు కండరాల బలం పెంచే వ్యాయామం క్రీడా గాయాలను మూడోవంతు కన్నా తక్కువకు తగ్గించింది, అతివాడకం వల్ల వచ్చే గాయాలను దాదాపు సగానికి తగ్గించింది. సాగదీయడం వల్ల రక్షణ ఏమీ కనిపించలేదు.

వీటన్నిటిలో పేరు మోసింది స్వీడన్ వైద్యుడు హోకాన్ ఆల్ఫ్రెడ్సన్ 1998లో ప్రచురించిన మడమ వ్యాయామం. కావలసింది ఇంటి మెట్టు ఒక్కటే. మెట్టు అంచున పాదాల ముందుభాగం మాత్రం ఆనించి నిలబడాలి, చేయి గోడకు. రెండు కాళ్లతో మునివేళ్ల మీదికి లేవాలి. నొప్పి లేని కాలు తీసేసి, బరువంతా నొప్పి కాలి మీద వేసి, మడమను మెట్టు మట్టం కన్నా కిందికి నెమ్మదిగా దించాలి. పైకి లేవడానికి మళ్లీ మంచి కాలి సాయం. మోకాలు నిటారుగా ఉంచి పదిహేనేసి చొప్పున మూడు దఫాలు, మోకాలు కొద్దిగా వంచి మరో మూడు దఫాలు, రోజుకు రెండు పూటలు. మొత్తం 180 సార్లు, వారానికి ఏడు రోజులూ, 12 వారాలు. నొప్పి ఉన్నా చేయమన్నాడు, తేలికైతే వీపుకు సంచి తగిలించి బరువు పెంచమన్నాడు. తర్వాతి పరిశోధనలు ఇంత సంఖ్య అవసరం లేదని, రోజు విడిచి రోజు ఎక్కువ బరువుతో నెమ్మదిగా చేసినా ఫలితం సమానమేనని చూపాయి. ఉద్యోగస్థులకు ఈ రెండో పద్ధతే కుదురుతుంది. అరికాలి మడమ నొప్పికీ ఇదే దారి: కాలివేళ్ల కింద చుట్టిన తువాలు పెట్టి, మూడు సెకన్లు లేస్తూ, రెండు సెకన్లు ఆగుతూ, మూడు సెకన్లు దిగుతూ, రోజు విడిచి రోజు.

ఆడవారి విషయంలో తిండిని వదిలేసి గాయం గురించి మాట్లాడటం అర్థంలేని పని. బరువు తగ్గడానికి పరుగు మొదలుపెట్టి, రాత్రి భోజనం మానేసి, దూరాలు పెంచుకుంటూ పోతే శరీరం ఎముక నిర్మాణాన్ని వాయిదా వేస్తుంది. నెలసరి ఆగిపోవడం దానికి గట్టి సంకేతం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ శక్తి లోటును మగవారికీ వర్తించే సమస్యగా గుర్తించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కోలుకునే కాలంలో ఎంతకీ పోని నీరసానికి కారణం సాధన ప్రణాళికలో వెతకడానికి ముందు రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. విటమిన్ డి కూడా అదే చీటీలో రాయించుకోవచ్చు.

తిరిగి వచ్చే వారాలు

మొదటి పరీక్ష నడక. ముప్పావు గంట చురుకైన నడక నొప్పి లేకుండా, మర్నాడు కూడా నొప్పి లేకుండా సాగాలి. ఆ తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, మొత్తం అరగంట, రోజు విడిచి రోజు. సాఫీగా సాగితే నడక వాటా తగ్గుతూ, పరుగు వాటా పెరుగుతూ నాలుగైదు వారాల్లో అరగంట ఏకధాటి పరుగుకు చేరతారు. ఈ దశలో ఆయాసం రాదు, చెమట పట్టదు, ఇది సాధనలా అనిపించదు. క్రాస్ ట్రైనింగ్ అసలు ఉపయోగం ఇక్కడ. గుండెకు కావలసిన పని సైకిలు మీద, నీళ్లలో తీర్చుకుంటే పరుగును ఎముక వేగానికి వదిలేయవచ్చు. పరుగు లేని రోజున గట్టి వ్యాయామం చేసి, పరుగు రోజున కావాలనే మందకొడిగా ఉండటం చాలామందికి మింగుడుపడదు. అడుగులు చిన్నవి చేసి, నిమిషానికి వేసే సంఖ్యను అయిదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది. దూరం పెంచడానికి ముందు అలవాటు చేసుకోదగ్గది ఇది.

వారానికి పది శాతానికి మించి పెంచకూడదన్న పాత నియమం వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 2008లో ప్రచురితమైన ప్రయోగంలో 532 మంది కొత్త రన్నర్లలో సగం మంది ఈ నియమం ప్రకారం 13 వారాలు, మిగతావారు మామూలు 8 వారాల ప్రణాళిక ప్రకారం సాధన చేశారు. గాయపడినవారు మొదటి జట్టులో 20.8 శాతం, రెండో జట్టులో 20.3 శాతం. అంటే వారపు మొత్తాన్ని చూస్తూ కూర్చోవడం వల్ల పెద్దగా ఒరగలేదు. 2025లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం మరో చోట వేలు పెట్టింది. 5,205 మంది రన్నర్ల వాచీల సమాచారాన్ని పద్దెనిమిది నెలలు గమనించగా, ఒక్క పరుగులో గత 30 రోజుల్లోని అతి పొడవైన పరుగు కన్నా పది నుంచి ముప్ఫై శాతం ఎక్కువ దూరం వెళ్లినప్పుడు గాయం రేటు 64 శాతం ఎక్కువగా కనిపించింది. రెట్టింపు దూరం దాటితే ముప్పు రెండు రెట్లకు పైగా పెరిగింది.

వారమంతా పని ఒత్తిడిలో రెండు చిన్న పరుగులు తీసి, బాకీ అంతా ఆదివారం ఒకే పరుగులో తీర్చుకునే మన అలవాటుకు ఇది నేరుగా తగిలే మాట. మిత్రబృందం 18 కిలోమీటర్లు వెళ్తుంటే, నెలలో ఎనిమిది దాటని మనిషి ‘నెమ్మదిగానే కదా’ అని వెంట నడుస్తాడు. వేగం తగ్గించినా దెబ్బల సంఖ్య తగ్గదు, అడుగులు చిన్నవైతే ఇంకా పెరుగుతుంది.

మొదట చెప్పిన జూన్ రన్నర్‌కు తొలి నొప్పి దగ్గరే ఎంఆర్ఐలో ముంగాలి ఎముక చిట్లు తేలిందనుకుందాం. తక్కువ ప్రమాదమున్న చోట అయితే పరుగు లేకుండా ఆరు నుంచి ఎనిమిది వారాలు. అంటే ఆగస్టు మొదటి వారం వచ్చేస్తుంది. నడక, పరుగు కలిపిన దశకు మరో నాలుగైదు వారాలు. పీపుల్స్ ప్లాజా నుంచి ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి స్టేడియం దాకా 42 కిలోమీటర్లు పరుగెత్తాల్సిన ఆదివారానికి అతను ఏకధాటిగా అరగంట పరుగెత్తే స్థితికి కూడా చేరడు. గుండె మాత్రం సైకిలు పుణ్యమా అని సిద్ధంగా ఉంటుంది, మనసు అప్పటికే బిబ్ (ఛాతీకి తగిలించుకునే పోటీ నంబరు) తీసుకుని ఉంటుంది. కట్టిన రుసుము వదులుకుంటే సెప్టెంబరు నుంచి జనవరి మూడో ఆదివారం జరిగే ముంబై మారథాన్ దాకా దాదాపు ఇరవై వారాలు చేతిలో ఉంటాయి. అక్కడి హాఫ్ మారథాన్‌కు సిద్ధం కావడానికి అది చాలిన సమయం. పూర్తి దూరానికి తర్వాతి ఏడాది ఆగస్టు.